నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో సముద్రపు చేప

ఇంటికి చుట్టాలొస్తే ముందుగా చెంబుతో నీళ్ళివ్వడం మన ఆచారం. ఆ చెంబుడు నీళ్ళ విలువ మా కడప జిల్లా ఆడవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో! అలాంటి చోట, వేముల మండలం తుమ్మలపల్లెలో, మా ముందు గదిలో 250 లీటర్ల అద్దాల తొట్టి పెట్టి, అందులో సముద్రపు నీళ్ళు తయారుచేసి, వేలెడంత నీలిరంగు చేపను పెంచుతున్నామంటే మీరు నవ్వుతారు. మా ఊరివాళ్ళూ నవ్వారు. మా అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

"ఏమ్మే, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకొని తెల్లార్లూ కాపలా కాసినోళ్ళం మేము. ఇప్పుడు చేపకు పోసేంత నీళ్ళు ఎక్కువైనాయా నీకు?" అనింది.

ఆ మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడైనా పూర్తిగా ఉందని చెప్పను. అయితే ఈ రెండున్నరేళ్ళలో చేసిన తప్పులు, నేర్చుకున్న సంగతులు మీతో చెప్పుకుంటే, ఇంట్లో పిల్లలు "సముద్రపు చేప కావాలమ్మా" అని మారాం చేసినప్పుడు మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

ఎలా మొదలైందంటే...

మా చిన్నమ్మాయి పదో తరగతి పరీక్షలు అయ్యాక అందరం విశాఖపట్నం వెళ్ళాం. రామకృష్ణా బీచ్ దగ్గర మత్స్యదర్శినికి తీసుకుపోతే, పిల్ల సముద్రపు చేపల ముందు నుంచి కదలనంటే కదలదు. మాకు సముద్రం చూడాలంటే నెల్లూరు దాకా పోవాలి కదా, ఆ రంగులు మాకు ఎక్కడివి! తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి చెల్లెలి ముచ్చట తీర్చాలని తొట్టి, పంపులు, లైటు తెచ్చి బిగించిపోయాడు. అన్నీ కలిపి 50 వేలు దాటింది. ఆ డబ్బుతో ఒక తులం కాకపోయినా కొంత బంగారమన్నా వచ్చేదని నేనూ సణుక్కున్నాను, అబద్ధమెందుకు!

ఏంజెల్ ఫిష్ అంటే ఏది?

ఏంజెల్ ఫిష్ అనగానే మన ఊళ్ళలో రంగుచేపల దుకాణాల్లో ఉండే పలచని, పొడుగు రెక్కల చేప గుర్తుకొస్తుంది. అది మంచినీటి చేప. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది. నేను చెప్పేది దానికి చుట్టం కూడా కాదు. ఇది సముద్రంలో, పగడపు దిబ్బల మధ్య బతికే మరుగుజ్జు ఏంజెల్. శాస్త్రంలో ఈ జాతిని సెంట్రోపైజ్ అంటారు. సముద్రపు ఏంజెల్ చేపల్లో పెద్దవి అడుగు దాటి పెరుగుతాయి. ఈ మరుగుజ్జువి మాత్రం చాలావరకు 10, 12 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. అందుకే ఇళ్ళలో పెంచాలనుకునేవాళ్ళ కన్ను వీటి మీద పడింది.

వీటిలో మంటలాంటి ఎర్రరంగు మీద నల్లచారలుండేది ఫ్లేమ్ ఏంజెల్. అది పసిఫిక్ మహాసముద్రానిది. మన హిందూ మహాసముద్రంలో, శ్రీలంక, అండమాన్ వైపు దొరికేది ఐబల్ ఏంజెల్. మా ఇంట్లో ఉన్నది కోరల్ బ్యూటీ. ఒళ్ళంతా ముదురు నీలం, ఊదా కలిసిన రంగు, పక్కల నారింజ రంగు. అచ్చం ధర్మవరం పట్టుచీరలా ఉంటుంది! చెంప మీద చిన్న ముల్లు ఉంటుంది. ఏంజెల్ కుటుంబం చేపలన్నిటికీ ఆ ముల్లు గుర్తు. వలలో పట్టినప్పుడు అది తట్టుకుంటుంది, అందుకే వలకు బదులు గిన్నెతో తీయడం మంచిది.

మొదటి చేపను నేనే చంపుకున్నాను

ఈ మాట రాయాలంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. తొట్టి పెట్టిన పదో రోజే చేపను తెచ్చేశాం. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. దుకాణం ఆయన కూడా ఫరవాలేదన్నాడు. మొదటి రోజు రాళ్ళ చుట్టూ తిరిగింది. మూడో రోజుకు మూలన చేరి గబగబా ఊపిరి తీసుకోసాగింది. నాలుగో రోజు తెల్లవారేసరికి పక్కకు ఒరిగిపోయింది. మా అమ్మాయి ఆ రోజు అన్నం తినలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. చేప విసర్జించే మలినంలో, మిగిలిపోయిన మేతలో నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. నీళ్ళలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కొద్దిగా ఉన్నా చేప తట్టుకుంటుంది. ఈ బ్యాక్టీరియా రాళ్ళ మీద, ఇసుకలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మనకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, పాలలో తోడు వేసి గంటకే గరిటె పెడితే పెరుగు వస్తుందా? ఇదీ అంతే. పైకి పాలు, పెరుగు రెండూ తెల్లగానే ఉంటాయి. తేట నీళ్ళను చూసి మోసపోయాను నేను.

రెండోసారి బుద్ధిగా చేశాను. చేప లేకుండానే తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ, పరీక్ష చేసే కిట్టు కొనుక్కుని వారానికి రెండుసార్లు చూశాను. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, అలాగే నిలబడ్డాకే సరే అనుకున్నాను. అయినా ఈ మరుగుజ్జు ఏంజెల్‌ను వెంటనే వేయకూడదు. ఇది రోజంతా రాళ్ళ మీది పాచిని గీరుకుంటూ తిరిగే చేప. రాళ్ళకు పాచి పట్టి, తొట్టి ముదరాలి. కొత్త ఇంట్లో వంటింటి సరుకు లేకుండా చుట్టాన్ని పిలిచినట్టుగా ఉండకూడదు కదా! నాలుగు నెలలు ఆగాం. ఆరు నెలలు ఆగితే ఇంకా మంచిది.

సముద్రపు నీళ్ళు చేయడం

ఇంట్లో వాడే ఉప్పు నీళ్ళలో కలిపితే సముద్రపు నీళ్ళు కావు. సముద్రంలో కాల్షియం, మెగ్నీషియం, ఇంకా ఎన్నో లవణాలు ఉంటాయి. ఇందుకని ప్రత్యేకంగా తయారుచేసిన ఉప్పు ప్యాకెట్లు దొరుకుతాయి. లీటరుకు సుమారు 35 నుంచి 40 గ్రాములు కలపాలి. మా తొట్టికి మొదట 9 కిలోలకు పైగా పట్టింది. కలిపిన నీళ్ళ చిక్కదనం చూడడానికి చిన్న గొట్టంలాంటి రిఫ్రాక్టోమీటరు ఉంటుంది. అందులో 1.025 దగ్గర ఉండాలి.

మా బోరు నీళ్ళు గిన్నెల మీద తెల్లటి చార కట్టే గట్టి నీళ్ళు. వాటిని సూటిగా వాడకూడదు. ఆర్వో నీళ్ళలోనే ఉప్పు కలపాలి. ఒక బకెట్టులో కలిపి, చిన్న పంపు పెట్టి ఒక రోజు తిరగనిచ్చి, ఆ తర్వాత పోయాలి. ఆ బకెట్టుకు సబ్బు, సర్ఫు తగలకూడదు. మా ఇంట్లో దానికి ఎర్రగుడ్డ కట్టి పెట్టాను.

ఇకపోతే ఒక ముఖ్యమైన కిటుకు. తొట్టిలో నీళ్ళు రోజూ ఆవిరై తగ్గుతాయి. తగ్గిన చోట ఉప్పునీళ్ళు పోశారనుకోండి, చేప ప్రాణానికే ముప్పు! పొయ్యి మీద పులుసు దగ్గరపడితే ఉప్పెక్కుతుంది కదా? నీరే పోతుంది గాని ఉప్పు పోదు. అప్పుడు మనం వేణ్ణీళ్ళు పోస్తామే గాని మళ్ళీ ఉప్పు వేస్తామా? అలాగే ఇక్కడా తగ్గినదానికి ఉత్త ఆర్వో నీళ్ళే పోయాలి. పాత నీళ్ళు తోడేసి మార్చేటప్పుడు మాత్రమే ఉప్పు కలిపినవి పోయాలి.

మా ఎండలు, మా కరెంటు

ఈ చేపకు 24 నుంచి 27 డిగ్రీల మధ్య నీళ్ళుంటే హాయి. మా వైపు మే నెలలో బయట 42, 43 డిగ్రీలు! మొదటి వేసవిలో తొట్టిలో నీళ్ళు 31 డిగ్రీలకు పోయాయి. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది. పైగా ఉప్పునీటిలో అది మంచినీటి కంటే తక్కువే కలుస్తుంది.

చల్లబరిచే యంత్రాలు ఉన్నాయి గాని వాటి ఖరీదు మనకు అందదు. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? చెమర్చి ఆవిరవుతాయి కాబట్టి. అదే ఉపాయం ఇక్కడ పనికొచ్చింది. తొట్టి మూత తీసి, సన్నని వల పరిచి, రెండు చిన్న ఫ్యాన్లు నీళ్ళ మీదికి గాలి కొట్టేలా పెట్టాం. రెండు మూడు డిగ్రీలు తగ్గాయి. కోస్తావైపు ఉక్కపోత గాలిలో ఇది అంతగా పనిచేయదు, మన పొడిగాలిలో బాగా పనిచేస్తుంది. కరువుసీమకు ఈ ఒక్క లాభమన్నా ఉంది! ఆ తర్వాత తొట్టిని వీధి గోడ పక్క నుంచి ఉత్తరపు గోడకు మార్చాం. మరీ వేడిగా ఉన్న రోజు సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, మూత బిగించి తొట్టిలో తేలవేస్తాను. ఐసు నేరుగా వేయకూడదు.

అన్నట్టు బరువు సంగతి! నీళ్ళు, అద్దాలు, రాళ్ళు అన్నీ కలిపి 300 కిలోలు దాటుతుంది. బజారులో దొరికే సన్నకాళ్ళ స్టాండు మీద పెట్టకండి. మేం ఇటుకల గోడ కట్టి, పైన మందపాటి కడప బండ పరిచాం. మన ఊరి బండ కదా, కదలదు, తుప్పు పట్టదు.

కరెంటు పోతే పంపులు ఆగుతాయి, చేపకు గాలి అందదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దానికి కలపండి. లేకపోతే బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు వస్తుంది, అది తప్పకుండా కొనిపెట్టుకోండి. అదీ లేనప్పుడు చెంబుతో నీళ్ళు తోడి కాస్త ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోస్తూ ఉండాలి. నేను ఒక రాత్రి గంటన్నర పోశాను.

పగడాలు వద్దే వద్దు

సముద్రపు తొట్టి అంటే అందులో బతికున్న పగడాలు పెంచడం విదేశాల్లో పెద్ద సరదా. మనకు పగడం అంటే నల్లపూసల్లో కూర్చుకునే ఎర్రపూస, జాతకంలో కుజుడికి పెట్టుకునే ఉంగరం. అది రాయి కాదు, సముద్రంలో చిన్న చిన్న జంతువులు కట్టుకునే గూడు అని నాకు నలభై దాటాక గాని తెలియలేదు! నగల పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరికే వేరే రకం. దిబ్బలు కట్టే పగడాలు వేరు. అవి తరతరాలుగా సున్నంతో గూళ్ళు కట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చేపలకు ఊళ్ళకు ఊళ్ళే కట్టిపెడతాయి. మన దేశంలో అలాంటి దిబ్బలు మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల దగ్గర ఉన్నాయి.

మన దేశంలో దిబ్బలు కట్టే గట్టి పగడాలను సముద్రంలో నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో వీటిని 2001లో చేర్చారు. అంటే పులికి ఎంత రక్షణ ఉందో పగడానికీ అంతే. సముద్రపు గుర్రాలకూ అంతే. "లైవ్ రాక్" అని అమ్మేది కూడా చాలాసార్లు విరిచి తెచ్చిన పగడపు రాయే. ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామన్నా ముట్టుకోకండి.

ఒక రకంగా ఇది మనకు మంచిదే. ఎందుకంటే ఈ మరుగుజ్జు ఏంజెల్ బుద్ధి చెప్పలేం. పాచి గీరుకుంటూ గీరుకుంటూ ఒకనాడు పగడాన్ని కొరకడం మొదలెడుతుంది. ఒక చేప జన్మంతా ముట్టదు, ఇంకొకటి వారానికే రుచి మరుగుతుంది. విదేశాల్లో వేలు పోసి పగడాలు పెట్టుకున్నవాళ్ళు ఈ చేపను వేయాలా వద్దా అని తలలు పట్టుకుంటారట. మనకు ఆ బాధ లేదు. పింగాణీతో, సిమెంటుతో చేసిన రాళ్ళు దొరుకుతాయి. వాటిని గుహల్లా, సందుల్లా పేర్చండి. సిమెంటు రాళ్ళను కొన్ని వారాలు నీళ్ళు మారుస్తూ నానబెట్టాకే వాడాలి. చేపకు దూరి దాక్కునే చోటు ఉంటేనే అది ధైర్యంగా బయటికి వస్తుంది. గుట్ట మీది రాళ్ళు ఏరుకొచ్చి వేయొద్దు. ఏ రాయిలో ఏ లోహం ఉంటుందో తెలియదు. మాది యురేనియం గని ఉన్న ఊరు, నాకు వేరే చెప్పాలా!

ఆ గని రాయి గురించి చదువుతుంటేనే ఒక వింత తెలిసింది. మా వేంపల్లె, తుమ్మలపల్లె ప్రాంతపు సున్నపురాయి దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళ కిందట లోతు తక్కువ సముద్రం అడుగున ఏర్పడింది. పగడాలు ఇంకా పుట్టని కాలంలో కంటికి కనపడని పాచిజీవులు పొరలు పొరలుగా కట్టిన దిబ్బల ఆనవాళ్ళు ఆ రాళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి. ఈ మాట మా అత్తమ్మకు చెబితే, "అయితే మన చేనుకాడ ఒకప్పుడు సముద్రమా? ఆ నీళ్ళన్నీ యాడికి పోయినాయే తల్లీ!" అని నిట్టూర్చింది.

చేపకు వంట

వంటల పేజీ చదివే మనకు ఇది తేలిక. పచ్చిరొయ్యలు 100 గ్రాములు ఒలిచి కడిగి సన్నగా తరగండి. సముద్రపు నాచు రేకులు, నోరి అంటారు, రెండు తీసుకుని ముక్కలు చేయండి. గుప్పెడు పాలకూర ఉడుకునీళ్ళలో ఒక నిమిషం ముంచి తీయండి. స్పిరులినా పొడి ఒక చెంచా. ఇవన్నీ మిక్సీలో బరకగా తిప్పండి. 150 మిల్లీలీటర్ల నీళ్ళలో రెండు టీ చెంచాల చైనాగ్రాస్ పొడి వేసి మరిగించి, చేయి పెట్టగలిగేంత చల్లారగానే, గడ్డకట్టక ముందే ఇందులో కలిపేయండి. పళ్ళెంలో పలుచగా పరిచి, గట్టిపడ్డాక చిన్న ముక్కలు కోసి ఫ్రీజరులో పెట్టుకోండి. చైనాగ్రాస్ కూడా సముద్రపు నాచుతో చేసేదే, తెలుసా!

ఉప్పు, కారం, పసుపు, నూనె... చేయి ఊరుకోదు గాని ఏదీ వేయకండి. రోజుకు రెండుసార్లు, గోరంత ముక్క చాలు. రెండు నిమిషాల్లో తినేంతే వేయాలి. చేప ఆకలితో చావడం అరుదు, మిగిలిన మేత కుళ్ళి చావడమే ఎక్కువ.

మొదట అన్నీ ఆడపిల్లలే!

ఈ చేపల కాపురం విచిత్రమైనది. మరుగుజ్జు ఏంజెల్స్ మొదట అన్నీ ఆడవే. ఒక గుంపులో పెద్దది, పెత్తనం చేసేది మగదిగా మారుతుంది. మిగిలినవి ఆడవిగానే ఉండిపోతాయి. ఆ మగచేప చనిపోతే, తర్వాతి పెద్ద ఆడచేప కొన్ని వారాల్లో మగదై ఇల్లు నడుపుతుంది. ఇది చదివి మా వదిన, "మన ఇళ్ళల్లో పేరు మారదు గాని పని అంతే కదా!" అని నవ్వింది.

ఇదంతా విని రెండు మూడు తెచ్చి వేయకండి. చిన్న తొట్టిలో ఒకదాన్నొకటి తరిమి తరిమి చంపుకుంటాయి. ఒక తొట్టికి ఒకటే చాలు. తోడుగా శాంతంగా ఉండే చేపలు ఏంజెల్ కంటే ముందే వేయండి. మేం ఇంట్లో పెంచిన జాతి క్లౌన్ చేపలు రెండు వేశాం. కొత్తగా తెచ్చిన ఏ చేపనైనా నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వస్తాయేమో చూడాలి. అది అంటురోగం. దానికి రాగి కలిసిన మందు వాడతారు గాని ఈ ఏంజెల్ రాగిని సరిగా తట్టుకోలేదు. తెలిసినవాళ్ళను అడగకుండా మందు పోయకండి.

ఎక్కడినుంచి వచ్చింది ఈ చేప?

దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, ఇదే. ఈ చేపల్లో ఎక్కువ భాగం సముద్రంలో పట్టినవే. 1960ల నుంచీ ఫిలిప్పీన్స్‌లో, ఆ తర్వాత ఇండోనేషియాలో రంగుచేపలను మత్తుగా పడగొట్టడానికి సైనైడ్ నీళ్ళు చల్లే పాపిష్ఠి పద్ధతి నడిచింది. ఆ విషం పగడాలను చంపుతుంది, చేప బయటికి బాగున్నట్టే ఉండి కొన్నాళ్ళకు చనిపోతుంది. కాబట్టి దుకాణంలో మీ కళ్ళ ముందు మేత వేయించి, అది తింటేనే కొనండి.

వీటిని ఇంట్లో పిల్లలు పెట్టించడం చాలా కష్టం. సాయంత్రం చీకటిపడే వేళ పెట్టే గుడ్లు నీళ్ళ మీద తేలిపోతాయి. పిల్లలు ఎంత చిన్నవంటే వాటి నోట్లో పట్టే మేత దొరకదు. 2000ల మొదట్లో హవాయిలో ఫ్రాంక్ బెన్ష్ అనే ఆయన ఫ్లేమ్ ఏంజెల్ పిల్లలను పెంచి చూపించాడు. తర్వాత కోరల్ బ్యూటీనీ సాధించారు. అలా పెంచిన చేప దొరికితే ఖరీదెక్కువైనా అదే మంచిది. క్లౌన్ చేపలనైతే మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్ళు గుడ్లు పెట్టించి పెంచే పద్ధతి తయారుచేశారు. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో ఆడవాళ్ళు జట్టుగా అలంకారపు రొయ్యలు పెంచి సంపాదించుకునేలా జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ నేర్పించింది. ఇలాంటివి చదివినప్పుడు మనకూ ఏదైనా చేయాలనిపిస్తుంది కదూ!

నీళ్ళ లెక్క

ఇప్పుడు అత్తమ్మ ప్రశ్నకు వస్తాను. వారానికి 25 లీటర్లు మార్చాలి. వేసవిలో ఫ్యాన్లు తిరిగితే రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి. అంటే వారానికి 60 లీటర్ల దాకా ఆర్వో నీళ్ళు. వాటిని తీయడానికి ఇంకో 120 లీటర్లు పైపులోంచి వదిలిపోతాయి. ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకున్న రోజు నాకే సిగ్గేసింది. అప్పటినుంచి ఆ వదిలిన నీళ్ళలో ఒక్క చుక్క పోనివ్వం. డ్రమ్ములో పట్టి గిన్నెల మొదటి కడుగుకు, ఇల్లు తుడవడానికి, బాత్రూముకు, పెరట్లో వేపచెట్టుకు వాడుతున్నాం. ఇంతకు ముందు ఆ పనులకు వాడిన బోరు నీళ్ళు ఆ మేరకు మిగిలాయి.

ఇంకొక తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదట్లో తొట్టిలోంచి తోడిన ఉప్పునీళ్ళు పెరట్లో పారబోశాను. అత్తమ్మ కాపురానికొచ్చిన కొత్తలో నాటిన కరివేపాకు చెట్టు పక్కనే. మూడు నెలల్లో ఆకు రాలి, కొమ్మ ఎండి, చెట్టు పోయింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. 25 లీటర్ల ఆ నీళ్ళలో ముప్పాతిక కిలోకు పైగా ఉప్పుంటుంది. మట్టిలోకి పోతే మళ్ళీ రాదు. చీనీ తోటల నేల మాది, ఆ మాత్రం తెలియొద్దూ నాకు? ఇప్పుడు ఆ నీళ్ళు మిద్దె మీద పాత వెడల్పు బేసిన్లలో పోసి ఎండబెడతాను. మా ఎండకు నాలుగు రోజుల్లో ఉప్పు మిగులుతుంది. గోకి సంచిలో కట్టి పారేస్తాను. కొత్త కరివేపాకు మొక్క కుండీలో పెట్టి అత్తమ్మ మంచం దగ్గరే ఉంచాను. అది ఇప్పుడు మోకాలెత్తు వచ్చింది.

మీరు పెంచొచ్చా?

అందరికీ పెంచమని నేను చెప్పను. రోజూ పావుగంట, వారానికి రెండు గంటలు కేటాయించలేని ఇంట్లో, వేసవికి తాళం వేసి ఊళ్ళు తిరిగే ఇంట్లో, నీళ్ళు కొనుక్కుని తాగే ఇంట్లో ఇది వద్దు. మంచినీటి ఏంజెల్స్, గప్పీలు ముచ్చటగా ఉంటాయి, ఖర్చు తక్కువ. వాటి నీళ్ళు మొక్కలకు పోస్తే బలం కూడా. ముందు వాటితో ఒక ఏడాది చేయి తిప్పుకుని, ఆ తర్వాత సముద్రం సంగతి ఆలోచించండి.

పెంచాలని గట్టిగా అనుకుంటే ఇవి మరవకండి:

• తొట్టి 200 లీటర్లకు తగ్గకూడదు. పెద్ద తొట్టి చూసుకోవడమే తేలిక, నీళ్ళు తొందరగా చెడవు.

• తొట్టి పెట్టాక నాలుగు నుంచి ఆరు నెలలకే ఏంజెల్.

• చేప తెచ్చిన సంచిని 20 నిమిషాలు నీళ్ళ మీద తేలవేసి, కొంచెం కొంచెంగా తొట్టి నీళ్ళు కలుపుతూ అలవాటు చేయాలి. ఆ రోజు లైటు వేయొద్దు.

• ఆవిరైనదానికి మంచినీళ్ళు, మార్చినదానికి ఉప్పునీళ్ళు.

• పగడాలు, సముద్రపు గుర్రాలు కొనొద్దు.

• ఉప్పునీళ్ళు మట్టిలో పోయొద్దు.

1998లో, 2010లో, 2016లో, మళ్ళీ 2024లో సముద్రం వేడెక్కి ప్రపంచమంతా పగడాలు తెల్లబారిపోయాయి. 2024లో మన లక్షద్వీప్‌లో కూడా. మా తొట్టి 31 డిగ్రీలకు పోయినప్పుడు నేను ఫ్యాను పెట్టాను. సముద్రానికి ఫ్యాను ఎవరు పెడతారు? ఇంతకుముందు ఇలాంటి వార్త పేపర్లో కనిపిస్తే పేజీ తిప్పేదాన్ని. ఇప్పుడు ఆగి చదువుతున్నాను.

రెండో చేప వచ్చి రెండేళ్ళు దాటింది. మా అమ్మాయి దానికి నీలు అని పేరు పెట్టింది. జాగ్రత్తగా చూసుకుంటే ఐదేళ్ళు, ఇంకా ఎక్కువే బతుకుతుందట. పిల్ల ఇప్పుడు కడపలో హాస్టల్లో చదువుకుంటోంది. ఫోను చేస్తే "అమ్మా, నీలు తినిందా?" అని అడిగాకే నేను తిన్నానా అని అడుగుతుంది!

పోయిన వేసవిలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఎవరో నా భుజం తట్టి లేపారు. చూస్తే అత్తమ్మ. కరెంటు పోయింది, ఇన్వర్టరు కూడా అయిపోయింది. పంపు చప్పుడు ఆగిపోవడంతో ఆమెకు మెలకువ వచ్చిందట.

"ఏమ్మే, చేపకు గాలి ఆడటంల్యా. లెయ్!" అనింది.

నేను బ్యాటరీ పంపు వెతికి తెచ్చేసరికి ఆమె చెంబుతో నీళ్ళు తోడి పోస్తూ ఉంది. మంచినీళ్ళ చెంబు కాదులెండి, ఎర్రగుడ్డ కట్టిన బకెట్టు దగ్గరి చెంబే!